ఇంట్లో ఉంటూనే పైపులు మార్చడం: బిల్డ్ స్క్రిప్టుల మరమ్మతు కథ

సాఫ్ట్‌వేర్ మనలో చాలామందికి అన్నం పెడుతోంది. కోడ్ రాయడం గురించి, కొత్త భాషల గురించి, ఫ్రేమ్‌వర్కుల గురించి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. కానీ రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రాముగా మార్చే ఫైళ్ళ సంగతి ఎత్తితే మాత్రం అందరిదీ ఒకటే మాట: "అది ఎప్పుడో ఎవరో రాసిపెట్టారు, పని చేస్తోంది కదా, ముట్టుకోకు." కన్సల్టెంటుగా నేను అడుగుపెట్టిన ప్రతి చోటా ఈ హెచ్చరిక విన్నాను. ముట్టుకోవద్దన్న ఆ ఫైళ్ళని ముట్టుకుని, తీసిపారేసి, కొత్తవి పెట్టుకుని, ఆ పని జరుగుతున్నంతకాలం ఒక్క విడుదల కూడా ఆపని ఒక పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కథ ఈసారి చెప్పుకుందాం. అది లిబ్రెఆఫీస్. ఎందుకు చెప్పుకోవాలో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మేక్ ఎలా పుట్టింది?

1976లో బెల్ ల్యాబ్స్‌లో జరిగిన సంగతి. స్టీవ్ జాన్సన్ (యాక్ అనే పార్సర్ జనరేటర్ రాసినాయన) ఒకరోజు పొద్దున్నంతా ఒక బగ్ కోసం వెతికి వెతికి విసిగిపోయాడు. తీరా చూస్తే ఆ బగ్‌ని ఆయన అప్పటికే సరిచేశాడు! కాకపోతే మార్చిన ఫైలు మళ్ళీ కంపైల్ కాలేదు. పాత ఆబ్జెక్ట్ ఫైలే లింక్ అవుతోంది. ఆయన చిరాకు పడుతూ వచ్చి స్టువర్ట్ ఫెల్డ్‌మన్ దగ్గర ఈ గోడు వెళ్ళబోసుకున్నాడు. ఫెల్డ్‌మన్ ఆ వారాంతంలో మొదలుపెట్టిన ప్రోగ్రామే మేక్. దానికిగాను 2003లో ఏసీఎం సంస్థ ఆయనకి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు ఇచ్చింది.

మేక్ చేసే పని చాలా సులువు. ఏది దేని మీద ఆధారపడుతుందో మనం చెప్పాలి. ఆధారం కొత్తదై, దాని నుంచి వచ్చే ఫైలు పాతదైతే మళ్ళీ తయారు చేస్తుంది, లేకపోతే వదిలేస్తుంది. అంతే. ప్రతి ఆదేశానికీ ముందు ట్యాబ్ ఉండి తీరాలన్న వింత నియమం కూడా అప్పటిదే. అది ఇబ్బంది అని ఫెల్డ్‌మన్‌కి త్వరలోనే తెలిసింది. కానీ అప్పటికే డజను మంది వాడుతున్నారు, వాళ్ళ ఫైళ్ళు చెడగొట్టడం ఎందుకని వదిలేశాడు. ఆ డజను మంది మొహమాటానికి మనమందరం ఇప్పటికీ ట్యాబులు కొడుతున్నాం! బిల్డ్ స్క్రిప్టుల స్వభావమంతా ఈ చిన్న ముక్కలోనే ఉంది. వాడేవాళ్ళు పెరిగేకొద్దీ మార్చడం కష్టం.

పెళ్ళి వంటశాల

ప్రాజెక్టు పెరిగాక ప్రతి డైరెక్టరీలో ఒక మేక్‌ఫైలు పెట్టి, పైనుంచి ఒక్కొక్క డైరెక్టరీలోకీ దిగి మళ్ళీ మేక్‌ని పిలవడం అలవాటైంది. ఇది పెళ్ళి వంటలాంటిది. పప్పు పొయ్యి ఒకాయనది, పులుసు పొయ్యి ఇంకొకాయనది, కూరలు తరిగే జట్టు వేరు. ఎవరికివారు తమ గిన్నె సంగతి మాత్రమే చూసుకుంటారు. పులుసుకి కావలసిన చింతపండు రసం పప్పు పొయ్యి దగ్గర తయారవుతోందని ఇద్దరికీ తెలియదు. పైన ఉన్న మేస్త్రీ "ముందు పప్పు, తరవాత పులుసు" అని వరస చెప్పి నెట్టుకొస్తాడు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే పులుసు చెడుతుంది. చెడకూడదని ఒకరి తరవాత ఒకరు చేస్తే ముహూర్తం దాటిపోతుంది.

పీటర్ మిల్లర్ అనే ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ 1998లో అచ్చయిన తన వ్యాసంలో తేల్చి చెప్పినది ఇదే. తప్పు మేక్‌ది కాదు. మనం దానికి ఆధారాల చిత్రాన్ని ముక్కలు చేసి ఇస్తున్నాం, పూర్తి చిత్రం ఏ ఒక్క మేక్‌కీ కనిపించడం లేదు. అందుకే ఒక్కోసారి చెయ్యవలసినది చెయ్యదు, ఒక్కోసారి అక్కరలేనిదంతా చేస్తుంది. మొదటిది జరిగినప్పుడు మనం "క్లీన్ చేసి మళ్ళీ కట్టు" అంటాం. ఈ మాట వినబడిన చోటల్లా ఆధారాల చిత్రంలో ఎక్కడో చిల్లు ఉందన్నమాట.

వారసత్వంగా వచ్చిన ఇల్లు

ఇక లిబ్రెఆఫీస్ విషయానికి వద్దాం. దీని మూలం స్టార్‌ఆఫీస్, జర్మనీలోని స్టార్‌డివిజన్ కంపెనీ తయారీ. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొంది, 2000 అక్టోబరులో మూలకోడ్‌ని ఓపెన్‌ఆఫీస్.ఆర్గ్ పేరుతో అందరికీ తెరిచింది. 2010 జనవరిలో సన్‌ని ఒరాకిల్ కొన్నాక, అదే ఏడాది సెప్టెంబరు 28న స్వచ్ఛంద డెవలపర్లు, కొన్ని కంపెనీలవాళ్ళు కలిసి డాక్యుమెంట్ ఫౌండేషన్ పేరు మీద లిబ్రెఆఫీస్‌గా విడిపోయారు.

కోడ్‌తోపాటు బిల్డ్ పద్ధతి కూడా వారసత్వంగా వచ్చింది. అందులో డీమేక్ అనే మేక్ ఉంది, బయట దాన్ని వాడేవాళ్ళు దాదాపు లేరు. దాని మీద ఒక పెర్ల్ స్క్రిప్టు ఉంది. సుమారు 200 మాడ్యూళ్ళలో ఏది ఏ వరసలో కట్టాలో, ఒక్కొక్క మాడ్యూల్లో పెట్టిన జాబితా చదివి అది నిర్ణయిస్తుంది. ఇంకో పెర్ల్ స్క్రిప్టు ఉంది. కట్టిన హెడర్లు, లైబ్రరీలు సాల్వర్ అనే ఉమ్మడి డైరెక్టరీలోకి కాపీ చెయ్యడం దాని పని. పక్క మాడ్యూలు అక్కణ్ణించే తీసుకుంటుంది. అంటే అచ్చం మన పెళ్ళి వంటశాలే, మధ్యలో ఒక ఉమ్మడి బల్ల. మీరు ఒక హెడర్ మార్చి, దాన్ని బల్ల మీదికి చేర్చకపోతే పక్క మాడ్యూలుకి పాతదే అందుతుంది. విండోస్‌లో ఇదంతా సిగ్విన్ మీద నడవాలి. అక్కడ కొత్త ప్రాసెస్ పుట్టించడం లినక్స్‌లో కంటే చాలా ఖరీదు. ఇన్ని వందల మేక్‌లు, పెర్ల్‌లు, షెల్‌లు పుట్టి పోతుంటే కంపైల్ అయ్యే సమయం కంటే ఎదురుచూపులే ఎక్కువ.

విడిపోకముందే, సన్ రోజుల్లోనే, బ్యోర్న్ మైకెల్‌సెన్ తదితరులు దీనికి మందు మొదలుపెట్టారు. దాని పేరు జీబిల్డ్. అందరికీ తెలిసిన గ్నూ మేక్ ఒక్కటే చాలన్నారు. ప్రతి మాడ్యూలూ తన లైబ్రరీ పేరేమిటి, అందులో ఏ ఫైళ్ళున్నాయి, ఏయే లైబ్రరీలతో లింక్ కావాలి అన్న వివరాలు మాత్రం చెబుతుంది. ఎలా కంపైల్ చెయ్యాలన్నది అందరికీ ఒకేచోట రాసి ఉంటుంది, విండోస్‌కి వేరే, మ్యాక్‌కి వేరే, లినక్స్‌కి వేరే. ఒకే మేక్ ప్రాసెస్ అన్ని మాడ్యూళ్ళ వివరాలూ చదువుకుని మొత్తం చిత్రాన్ని కళ్ళ ముందు పెట్టుకుంటుంది. మిల్లర్ కోరినది అదే.

అసలు విశేషం డిజైన్‌లో లేదు, దాన్ని అమలు చేసిన తీరులో ఉంది. జీబిల్డ్ వచ్చిన రోజున పాతది తీసెయ్యలేదు. కొన్ని మాడ్యూళ్ళు మాత్రం కొత్త పద్ధతికి మారాయి. మిగతావి డీమేక్‌తోనే కట్టుకుంటూ పోయాయి. పాత పెర్ల్ స్క్రిప్టుకి కొత్త మాడ్యూలు కూడా మరో మాడ్యూల్లాగే కనిపించింది. 2011 జనవరిలో 3.3 విడుదలైంది. ఆ తరవాత ఆరు నెలలకో విడుదల చొప్పున వస్తూనే ఉన్నాయి. ఈ లోపల ఒక్కొక్క మాడ్యూలే ఇటు మారుతోంది. ఒక మాడ్యూలు మార్చడమంటే కొత్తగా వచ్చినవాడు కూడా కొన్ని సాయంత్రాల్లో పూర్తి చెయ్యగల పని. చేతికి కోడ్ పరిచయమూ అవుతుంది. అలా జీతగాళ్ళూ ఔత్సాహికులూ కలిసి లాక్కొచ్చారు. 2013 ఫిబ్రవరిలో 4.0 వెలువడే నాటికి డీమేక్ అవసరం లేకుండా పోయింది.

2011లో అపాచీ ఫౌండేషన్‌కి వెళ్ళిన ఓపెన్‌ఆఫీస్ శాఖ ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు డీమేక్ మీదే విడుదలలు చేసింది. ఆ ప్రాజెక్టు వెనకబడటానికి ఇదొక్కటే కారణం అనను, అలా అనడం న్యాయం కాదు. కానీ ఒకే పునాది మీది రెండిళ్ళలో ఏ ఇంట్లోకి కొత్తవాళ్ళు సులువుగా అడుగు పెట్టగలిగారో మనం చూస్తూనే ఉన్నాం.

ఆంగ్ మో కియో పద్ధతి

నేనుండేది సింగపూర్‌లో ఆంగ్ మో కియోలో. 1970లలో కట్టిన పేట ఇది. ఇళ్ళన్నీ పాతవే. ఇక్కడి గృహ నిర్మాణ సంస్థ హెచ్‌డీబీ 2007లో ఇంటి మెరుగుదల పథకం ఒకటి తెచ్చింది. పాత మురుగు పైపులు, పెచ్చులూడే శ్లాబులు, స్నానాల గదులు మారుస్తారు. జనం ఇల్లు ఖాళీ చెయ్యరు. ఒక్కో ఇంట్లో పని పది రోజుల్లో ముగించాలని లెక్క. ఆ పది రోజులూ దుమ్ము, చప్పుడు, తాత్కాలిక మరుగుదొడ్డి. పక్కింటి పెద్దావిడ గొణుగుతూనే ఉంటుంది, సాయంత్రానికి ఆమె వంట మాత్రం ఆగదు. ఒక నిలువు వరసలోని ఇళ్ళన్నిటికీ పైపు ఒకటే కాబట్టి పైనుంచి కిందిదాకా వరసగా చేసుకుపోతారు.

ఇదే పేటలో రెండో పద్ధతి కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో అవెన్యూ 3 మీది నాలుగు బ్లాకులని మొత్తం ఖాళీ చేయించి కొత్తచోట ఇళ్ళిస్తామని ప్రకటించారు. కొత్త ఇల్లు వస్తుంది, నిజమే. కానీ వయసు మళ్ళినవాళ్ళు ఎన్ని లెక్కలు వేసుకోవాలో, అదనంగా ఎంత కట్టాలో, ఆ నెలల్లో ఇక్కడ కోపి షాపుల్లో విన్నవాళ్ళకి తెలుసు.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ రెండు దారులే. లినక్స్ కెర్నెల్ చరిత్రలో ఇవి ముఖాముఖి తలపడ్డాయి. 2.5 వరస నడుస్తున్న రోజుల్లో కీత్ ఓవెన్స్ బిల్డ్ వ్యవస్థ మొత్తాన్ని తిరగరాశాడు. ఆధారాలు కచ్చితంగా పట్టుకునే మంచి పని అది. కానీ తీసుకుంటే ఒక్కసారిగా మొత్తం తీసుకోవాలి. అదే సమయంలో కాయ్ గెర్మాషెవ్‌స్కీ పాతదాన్నే చిన్న చిన్న ప్యాచ్‌లతో శుభ్రం చేస్తూ పోయాడు. 2002లో లినస్ టోర్వాల్డ్స్ ఈ రెండోదాన్నే కలుపుకున్నాడు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 దాని మీదే కట్టింది. ఇప్పటికీ కెర్నెల్ బిల్డ్ డైరెక్టరీల్లోకి దిగి దిగి వెళ్ళేదే. మిల్లర్ మెచ్చే రూపం కాదు. కానీ ఒక డ్రైవర్ చేర్చాలంటే మేక్‌ఫైల్లో ఒక్క వరస చాలు. ఏ ఫైలుని ఏ ఆదేశంతో కంపైల్ చేశామో రాసిపెట్టుకుని, ఆదేశం మారితే మళ్ళీ కడుతుంది. కాన్ఫిగరేషన్‌లో ఒక ఐచ్ఛికం మారిస్తే దాన్ని వాడే ఫైళ్ళని మాత్రమే మళ్ళీ కంపైల్ చేస్తుంది.

అందుకని సొగసైనది ఎప్పుడూ గెలవదు. లోపలున్నవాళ్ళని బయటికి పంపకుండా మార్చగలిగినదే నిలుస్తుంది. నేను ఈ రెండు కథల నుంచీ నేర్చుకున్న పాఠం ఇదే.

నరసరావుపేట నుంచి వీడియో కాల్

"ఇదంతా మాకెందుకు, మా కంపెనీలో క్లౌడ్‌లో వంద యంత్రాలున్నాయి" అనవచ్చు మీరు. నిజమే. కానీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి వచ్చేవాళ్ళందరికీ వంద యంత్రాలు ఉండవు.

మా పిన్ని కొడుకు నరసరావుపేట దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు లిబ్రెఆఫీస్ మెనూల తెలుగు అనువాదం మీద ఆసక్తి పడ్డాడు. తను మార్చిన మాట మెనూలో ఎలా కనిపిస్తుందో, డైలాగ్ పెట్టెలో పడుతుందో లేదో కళ్ళతో చూసుకోవాలని వాడి కోరిక. దానికి తెలుగుతో సహా బిల్డ్ కట్టుకోవాలి. వాడి దగ్గరున్నది 8 జీబీ ల్యాప్‌టాప్, ఊళ్ళో కరెంటు సంగతి మీకు తెలుసు. "అన్నయ్యా, ఇది అయ్యేపనేనా?" అన్నాడు కాల్‌లో.

అక్కరలేనివి ఆపేశాం. జావా వద్దన్నాం. భాషల జాబితాలో తెలుగు ఒక్కటే చేర్చాం. ఒకసారి కంపైల్ చేసినదాన్ని దాచుకునే సీక్యాష్ పెట్టాం (2002లో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన పనిముట్టు ఇది). ఒకేసారి నడిచే పనులు రెండుకి తగ్గించాం, లేకపోతే మెమొరీ చాలదు. మొదటి బిల్డ్ రెండు రాత్రులు పట్టింది. మధ్యలో కరెంటు పోయింది, వచ్చాక మళ్ళీ మొదలుపెడితే ఆగినచోటు నుంచే నడిచింది. ఆ తరవాత ఒక మాట మార్చి చూసుకోవడం టీ తాగేంత పని. పాత డీమేక్ రోజుల్లో ఆ కుర్రాడు రెండో రాత్రికే వదిలేసి ఉండేవాడని నా నమ్మకం. ఎవరో ఎప్పుడో 200 మాడ్యూళ్ళూ ఒక్కొక్కటిగా మార్చడం వల్ల నరసరావుపేటలో ఒక తెలుగు మాట సరిపడింది. ఆ మార్చినవాళ్ళకి నరసరావుపేట ఎక్కడుందో తెలిసి ఉండదు.

మన అక్షరాలకి ఇలాంటి మేలు ఇదివరకూ జరిగింది. తెలుగు ఒత్తులూ గుణింతాలూ సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ లిబ్రెఆఫీస్ 4.1లో, 2013లో, లినక్స్ మీదికి వచ్చింది. 2017లో 5.3తో అన్ని వేదికల మీదికీ వచ్చింది. బయటి లైబ్రరీ ఒకదాన్ని విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా ఒకేలా కట్టగలగడం బిల్డ్ స్క్రిప్టుల పనే.

ఎవరూ చదవని చోట

ముట్టుకోని ఫైళ్ళకి ఇంకో ప్రమాదం ఉంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టిన ఎక్స్‌జెడ్ ఉదంతం మీకు గుర్తుండే ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందెందుకని తవ్వితే, ఎక్స్‌జెడ్ కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 రూపాల్లో దొంగదారి దొరికింది. దొంగ దాన్ని సీ కోడ్‌లో పెట్టలేదు. అందరూ చదివేది అదే కదా! అసలు సరుకుని టెస్టు ఫైళ్ళ రూపంలో దాచి, దాన్ని బయటికి తీసే మీటని కాన్ఫిగర్ స్క్రిప్టుని తయారుచేసే ఒక ఎం4 ఫైల్లో పెట్టాడు. ఆ ఫైలు గిట్‌లో లేదు, విడుదల చేసిన మూటలో మాత్రమే ఉంది. వేల వరసల కాన్ఫిగర్ స్క్రిప్టుని ఎవరూ చదవరని వాడికి బాగా తెలుసు.

కాబట్టి బిల్డ్ స్క్రిప్టు చిన్నదిగా, చదవగలిగేలా ఉండటం భద్రతకి సంబంధించిన విషయం కూడా. ఒకే కోడ్‌ని ఎవరు ఎక్కడ కట్టినా బిట్టు బిట్టూ అదే ఫలితం రావాలని డెబియన్‌లో 2013 నుంచి నడుస్తున్న ప్రయత్నం కూడా ఈ దారిలోదే.

మీ చేతిలో ఉన్నప్పుడు

రేపు మీ చేతికీ ఓ పాత బిల్డ్ రావచ్చు, ఆఫీసులోనైనా, ఓపెన్ సోర్స్‌లోనైనా. నేను పాటించే వరస ఇది.

మొదట కొలవండి. శుభ్రంగా మొదటినుంచీ కట్టడానికి ఎంత, ఒక్క ఫైలు మారిస్తే ఎంత, ఏమీ మార్చకుండా మళ్ళీ నడిపితే ఎంత. మూడో అంకె సున్నాకి దగ్గరగా లేకపోతే జబ్బు అక్కడే ఉంది.

హెడర్ల ఆధారాలు చేత్తో రాయకండి. జీసీసీ, క్లాంగ్ రెండూ కంపైల్ చేస్తూనే ఆ జాబితా రాసిస్తాయి, దాన్ని మేక్‌ఫైల్లోకి లాక్కోండి.

సమాంతరంగా నడిపి చూడండి. ఒకటిగా నడిస్తే పనిచేసి, ఎనిమిదిగా నడిస్తే విరిగితే ఏదో ఆధారం రాయలేదన్నమాట. దాన్ని రాయండి. సమాంతరం ఆపేసి ఊరుకోకండి.

ఫలితాన్ని ముందు తాత్కాలిక ఫైల్లో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టండి. కరెంటు పోయినప్పుడు సగం రాసిన ఫైలు కొత్త తేదీతో మిగిలితే మేక్ దాన్ని పూర్తయినదనే అనుకుంటుంది. మన ఊళ్ళ కోసం ఇది తప్పనిసరి!

కొత్త పనిముట్టుకి మారాలంటే ఒక్కొక్క మాడ్యూలే మార్చండి. నింజా, మీసన్, సీమేక్ అన్నీ మంచివే. పోస్ట్‌గ్రెస్ వాళ్ళు 2023లో వచ్చిన 16వ రూపంలో మీసన్ చేర్చినా పాత మేక్‌ని వెంటనే తీసెయ్యలేదు. రెండూ పక్కపక్కన నడవనివ్వండి, ఫలితాలు పోల్చండి. పాతదాన్ని తీసెయ్యడం మాత్రం మరిచిపోకండి. సగంలో ఆగిన మార్పు రెండు పాత ఇళ్ళతో సమానం.

చివరగా, కొత్తగా చేరినవాణ్ణి కూర్చోబెట్టి, మీ సూచనల కాగితం ఒక్కటే ఇచ్చి, మీరు నోరు మెదపకుండా చూడండి. వాడు ఎక్కడ ఆగితే అక్కడ మరమ్మతు మొదలుపెట్టండి.

బిల్డ్ బాగు చేసినవాడికి విడుదల రోజున పేరు రాదు. ఫీచర్ల జాబితాలో ఆ పని కనిపించదు. మా బ్లాకులో పైపులు మార్చినవాళ్ళ పేర్లు కూడా ఎవరికీ తెలియవు. మీకు వారానికి రెండు సాయంత్రాలు ఖాళీ దొరికితే, మీరు రోజూ వాడే ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు తీసుకుని ముందు దాన్ని కట్టి చూడండి. ఎక్కడ చిక్కుకున్నారో రాసుకోండి. మీరు పంపబోయే మొదటి ప్యాచ్ బహుశా అక్కడే ఉంది.